గ్యాస్ మాత్రల పెట్టె

ఆవిడ అసలు పేరు కొట్టు గోడ మీద వేలాడే లైసెన్సులో ఉంది. దాన్ని చదివిన పుణ్యాత్ముడు ఇంతవరకు లేడు. వీధి మొత్తానికీ ఆవిడ కత్తెరమ్మ. తండ్రి పెట్టిన మందుల కొట్లో ఇరవై ఆరేళ్ళుగా, బొటనవేలికి కత్తెర తొడుక్కుని కౌంటరు వెనక నిలబడుతోంది. కానీ ఆ పేరు చేతిని చూసి పెట్టింది కాదు, నోటిని చూసి పెట్టింది. "ఏంటంటే అమ్మా, మొన్న మా తోడల్లుడు వచ్చాడు కదా, అప్పుడేమైందంటే..." అని ఎవరైనా మొదలుపెడితే, "తోడల్లుణ్ణి వదిలెయ్. విరేచనాలు ఎన్నిసార్లు?" అని మధ్యలోనే తెంపేస్తుంది. భర్త ఉద్యోగరీత్యా వేరే ఊళ్ళో ఉంటాడు, నెలకోసారి వస్తాడు. ఆయన అదృష్టవంతుడని కొట్టుకొచ్చేవాళ్ళ అభిప్రాయం.

ఇంత నోరున్న మనిషీ ఒక విషయంలో మాత్రం నోరు మూసుకునేది. మధ్యాహ్నం రెండు దాటాక, కొట్టు ఖాళీగా ఉండే వేళ చూసుకుని కొందరు వస్తారు. ముందు దగ్గు మందు అడుగుతారు. తర్వాత దూది అడుగుతారు. వీధి అటూ ఇటూ చూసి, అప్పుడు జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీస్తారు. నిద్ర పట్టనివాళ్ళు, గుండె దడదడలాడి ఇదే ఆఖరి గడియ అనుకునేవాళ్ళు, కూర్చున్నచోటే కారణం లేకుండా ఏడుపు తన్నుకొచ్చేవాళ్ళు. "పేరు కనపడకుండా ఇవ్వమ్మా, నీకు పుణ్యముంటుంది" అంటారు. కత్తెరమ్మ పళ్ళు నూరుకుంటూ రేకు మీద పేరున్న మేరకు కత్తిరించి, ఒక్కో మాత్రా విడదీసి, బలం మాత్రల పెట్టెలో పోసి ఇచ్చేది.

ఆవిడకి ఒళ్ళు మండేదల్లా ఒకందుకే. ఇస్త్రీ కొట్టు ఆమెదీ, ఎదురింటి లెక్కల మాస్టారిదీ ఒకటే మందు. ఇద్దరూ రోజూ పొద్దున్నే "బాగున్నారా" అంటే "బాగున్నాం" అనుకుంటారు. ఎవరికి వాళ్ళు ఈ వీధిలో ఈ జబ్బు తమ ఒక్కరికే ఉందనుకుంటారు. షుగరంటే సిగ్గు లేదు, బీపీ అంటే అసలే లేదు, నలుగురిలో కూర్చుని మొలల సంగతి కూడా కళ్ళకు కట్టినట్టు చెప్పుకుంటారు. బుర్రకి మందు అనేసరికి మాత్రం పరువు, మర్యాద, వంశగౌరవం ఒక్కసారి లేచి కూర్చుంటాయి. "మీ అందరినీ ఒకరోజు పేరుపేరునా పిలిచి ఒకే వరసలో నిలబెడతాను, అప్పుడు గానీ తిక్క కుదరదు" అని తనలో తాను తిట్టుకునేది. అనుకోవడమే. వీధి గుట్టు ఆవిడ కడుపులో ఉండిపోయేది.

అసలు ఆ తిట్లలో మొదటి తిట్టు తనకే చెందాలని ఆవిడకి తెలుసు. ఎందుకంటే అన్నిటికంటే పెద్ద అబద్ధం ఆవిడ సొంత ఇంట్లోనే ఉంది.

ఆవిడకి ఒక్కడే తమ్ముడు. గ్రంథాలయంలో పుస్తకాలకి బైండింగు చేస్తాడు. నోట్లో నాలుక లేని మనిషి. చిరిగిన నిఘంటువు ఇస్తే వారం రోజులు దానితోనే కాపురం చేసి, కొత్తదానిలా తీసుకొచ్చి పెడతాడు. నాలుగేళ్ళ క్రితం ఒక ఎండాకాలం, భార్య పిల్లని తీసుకుని పుట్టింటికి వెళ్ళినప్పుడు, ఆ మనిషి బతకడం ఇక చాలనుకున్నాడు. అక్క సమయానికి చూడబట్టి దక్కాడు. ఆసుపత్రిలో నాలుగు రోజులున్నాడు. మరదలు పరుగున తిరిగొచ్చేసరికి తల్లి కథ సిద్ధం చేసి ఉంచింది. కడుపులో పుండు, దానివల్ల గ్యాస్, రోజూ రాత్రి భోజనం తర్వాత ఒక మాత్ర.

"అమ్మా, అది గ్యాస్ మాత్ర కాదు. మానకుండా వాడాల్సిన మందు. వాడి పెళ్ళానికి చెప్పకపోతే ఎలా?" అని కత్తెరమ్మ అడక్కపోలేదు.

"ఇంటి గుట్టు లంకకు చేటు" అంది తల్లి. "మొగుడికి మతి బాగాలేదని తెలిస్తే ఏ ఆడది ఉంటుంది? పిల్లని చంకనేసుకుని పోతుంది. కాపురం కూల్చిన ఆడబిడ్డవి అవుతావు, నీ ఇష్టం. నలుగురూ ఏమనుకుంటారు?"

"ఆ నలుగురిలో ముగ్గురు నా దగ్గరే మాత్రలు కొంటారే అమ్మా!"

తల్లి వినలేదు. తమ్ముడు తల వంచుకుని చాప అంచు గిల్లుతూ కూర్చున్నాడు. ఆ వంచిన తల చూసి కత్తెరమ్మ మెత్తబడింది. ఆ రోజు మొదలు నాలుగేళ్ళ పాటు, నెలకోసారి ఆ మాత్రలని పేరు లేకుండా కత్తిరించి, గ్యాస్ మాత్రల పెట్టెలో పెట్టి తనే స్వయంగా ఇంటికి చేరవేసింది. మరదలు రోజూ రాత్రి "మీ గ్యాస్ మాత్ర వేసుకున్నారా?" అని గుర్తుచేసేది. మందు పనిచేసింది. తమ్ముడు మళ్ళీ పుస్తకాల మీద పడ్డాడు. అబద్ధం కూడా నిక్షేపంగా పనిచేసింది, అదే ప్రాణం మీదకి తెచ్చింది.

ఆ తర్వాత మహమ్మారి వచ్చింది. వీధులు మూతపడ్డాయి. తెరిచి ఉన్న నాలుగు కొట్లలో కత్తెరమ్మది ఒకటి. కౌంటరు ముందు తాడు కట్టి, నేల మీద సుద్దముక్కతో గుండ్రాలు గీసి, "గుండ్రంలో నిలబడితేనే మందు" అని కూర్చుంది. ఇప్పుడు దగ్గు కూడా పరువు సమస్య అయింది. జ్వరం మాత్ర అడిగేవాళ్ళంతా "మాకు కాదమ్మా, మా పక్కింటివాళ్ళకి" అనేవారు. పక్కింటివాళ్ళు వచ్చి అదే మాట అనేవారు. ఇక రెండింటి వేళ వచ్చే బాపతువాళ్ళు రెట్టింపయ్యారు. ఎవరిని చూసినా కళ్ళ కింద నలుపు. ఆవిడ కత్తిరిస్తూనే ఉంది, తిట్టుకుంటూనే ఉంది.

గ్రంథాలయం మూసేశాక తమ్ముడు రెండు నెలలు ఇంట్లో ఉన్నాడు. తర్వాత జ్వరం వచ్చింది, పరీక్షలో అదేనని తేలింది. భార్యకీ పిల్లకీ లేదు. ఇంట్లో వేరే గది లేదు గనక అతన్ని కాలేజీ హాస్టల్లో పెట్టిన కేంద్రానికి తీసుకెళ్ళారు. ఒక్కో హాల్లో నలభై మంచాలు. రెండు రోజుల్లో జ్వరం తగ్గింది, ఊపిరి బాగానే ఉంది. కత్తెరమ్మ రోజూ ఫోన్ చేసేది. "బానే ఉన్నానక్కా" అనేవాడు. కొట్టు ముందు తాడుకి అవతల ఇరవై మంది అరుస్తుంటే ఆవిడ కూడా "సరే, వేళకి తిను" అని పెట్టేసేది.

ఎనిమిదో రోజు ఉదయం మాట వేరేగా వచ్చింది.

"అక్కా, పాప భూగోళం పుస్తకం కుట్టడం సగంలో ఉంది. అట్ట కూడా కోసి పెట్టాను. ఎవరి చేతైనా పూర్తి చేయించు."

"ఎవరి చేతైనా ఏంటి? ఇంకో ఆరు రోజుల్లో నువ్వే వస్తావు కదా!"

"ఊఁ" అన్నాడు. "నువ్వు చాలా చేశావక్కా నాకు."

ఫోన్ పెట్టేశాక కత్తెరమ్మ చేతిలో ఎవరిదో చీటీ ఉంది, అక్షరాలు కనపడటం లేదు. సగం కుట్టిన పుస్తకాన్ని ఇంకొకరిని ముట్టుకోనిచ్చే మనిషి కాడు వాడు. వెంటనే మరదలికి ఫోన్ చేసింది.

"వాడితో మాత్రలు పంపావు కదా?"

"గ్యాస్ మాత్రలా? పెట్టెతో సహా పంపాను వదినా. కానీ వాటి మీద పేరు లేదని అక్కడ తీసుకోలేదట. గ్యాస్‌కే కదా, మా దగ్గరున్నవే ఇస్తాంలే అన్నారట. రోజూ పొద్దున ఇస్తున్నారు, నువ్వేం కంగారుపడకు."

కత్తెరమ్మ స్టూలు మీద కూలబడింది. పేరు లేని మాత్ర ఎవరు తీసుకుంటారు? తన కౌంటరుకి ఎవడైనా అలాంటిది తెస్తే చెత్తబుట్టలో వేయదూ? వాళ్ళ తప్పు లేదు. పేరు కత్తిరించింది ఎవరు? గ్యాస్ అని చెప్పించింది ఎవరు? తమ్ముడు నోరు తెరిచి "ఇది ఆ మందు" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. నలభై మంచాల మధ్య, నాలుగేళ్ళుగా మూసిన నోరు ఎలా తెరుచుకుంటుంది? ఎనిమిది రోజులు! తన కత్తెరతో తనే వాడి మందు తెంపేసింది.

తమ్ముడికి మందు రాసిన మనసు డాక్టరుగారి క్లినిక్ మూసి ఉంది గానీ ఫోన్ పలికింది. ఈవిడ చెప్పిందంతా విని ఆయన వెంటనే అన్నాడు: "ఆలస్యం చేయొద్దు. అక్కడి నర్సుకి ఉన్నదున్నట్టు చెప్పండి, ఆయన్ని ఒంటరిగా వదలొద్దనండి. చీటీ మీ ఫోన్‌కి పంపుతున్నాను. మందు ఎలా మొదలుపెట్టాలో నేను నర్సుతో మాట్లాడతాను. మీరు మాత్రం తమ్ముణ్ణి సూటిగా అడగండి, చచ్చిపోవాలనిపిస్తోందా అని."

"అలా అడిగితే లేనిపోని ఆలోచన పెట్టినట్టు కాదా డాక్టరుగారూ?"

"ఆ ఆలోచన మీరు పెట్టక్కర్లేదమ్మా. ఉంటే ఆయన ఒక్కడే మోస్తున్నాడు. అడిగితే ఇంకో చెయ్యి పడుతుంది."

కొట్టు షట్టరు దించి, పేరు చక్కగా కనపడే పూర్తి పెట్టె సంచిలో వేసుకుని బయల్దేరింది. దారిలో తల్లికి ఫోన్ చేయడం ఆవిడ చేసిన ఇంకో తెలివితక్కువ పని.

"గేటు దగ్గర అందరి ముందూ అనకే!" అంది తల్లి. "చీటీ చాటుగా చేతిలో పెట్టు. ఎవరైనా అడిగితే గ్యాస్ అనే చెప్పు."

"వాడు పోతే అప్పుడేం చెబుతావు? గ్యాస్ వల్ల పోయాడంటావా?" అని అరిచి కత్తెరమ్మ ఫోన్ కట్ చేసింది. అరిచాక ఏడుపు వచ్చింది. కళ్ళజోడు మీద ఆవిరి పట్టి దారి కనపడలేదు.

హాస్టల్ గేటు దగ్గర మనిషికీ మనిషికీ నాలుగు అడుగుల ఎడంతో పాతిక మంది వరస. అందులో ఇస్త్రీ కొట్టు ఆమె ఉంది, లెక్కల మాస్టారున్నాడు, మరదలు కూడా ఉతికిన బట్టల సంచితో నిలబడి ఉంది. గేటు లోపల పన్నెండు అడుగుల అవతల ఒక బల్ల. బల్ల వెనక తల నుంచి కాలి దాకా తెల్లటి ప్లాస్టిక్ తొడుగులో ఒక ఆరోగ్య కార్యకర్త, చేతిలో మైకు. ఇక్కడివాళ్ళు మాస్కులోంచి అరుస్తారు, అతను సరిగ్గా విన్నాడో లేదో తేలాలి గనక విన్నదాన్ని మైకులో తిరిగి చెబుతాడు. "ఇరవై రెండో మంచం. రెండు లుంగీలు. ఒక దువ్వెన." అలా లోకంలోని లుంగీలన్నీ బట్టబయలు అవుతున్నాయి. రహస్యం చెప్పుకోవడానికి ఇంతకంటే దిక్కుమాలిన చోటు ఎవడూ కట్టలేడు.

ఎవరేమన్నా ఖాతరు చేయకుండా కత్తెరమ్మ వరస దాటుకుని ముందుకెళ్ళింది. చీటీ గాల్లో ఊపింది.

"కాగితాలు చేత్తో తీసుకోమమ్మా. ఆ పెట్టెలో వేయండి, సాయంత్రం చూస్తాం."

"సాయంత్రం దాకా ఆగేది కాదు నాయనా. మందు సంగతి."

"ఏం మందు? గట్టిగా చెప్పండి!"

ఆవిడ నోరు తెరిచింది. వెనక వీధి వీధంతా ఉంది. పక్కన మరదలు "ఏమైంది వదినా?" అంటోంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు, నాలుక దాని దారిన అది పోయింది. "గ్యాస్..." అంది.

"గ్యాస్ మాత్రలు లోపలున్నాయమ్మా!" అని మైకు ఊరంతా మోగింది. "తర్వాతివాళ్ళు!"

తర్వాతి మనిషి ముందుకు కదిలాడు కూడా. ఆ క్షణాన కత్తెరమ్మకి తన మీద పుట్టినంత అసహ్యం జీవితంలో ఎవరి మీదా పుట్టలేదు. ఇది వాడి సంగతి, బయటపెట్టే హక్కు తనకు లేదని తెలుసు. హక్కుల గురించి తర్వాత వాడే తనతో పోట్లాడనీ, పోట్లాడటానికి వాడు ఉండాలి కదా! మాస్కు గడ్డం కిందకి లాగింది.

"గ్యాస్ కాదు! అబద్ధం చెప్పాను! నా తమ్ముడికి డిప్రెషన్. నాలుగేళ్ళ క్రితం చచ్చిపోవాలనుకున్నాడు. మీ లోపల ఎనిమిది రోజులుగా వాడికి మందు లేదు. ఇవాళ వాడి మాట నాకు బాగాలేదు. ముప్ఫై ఒకటో మంచం. ఎవరో ఒకరు ఇప్పుడే పోయి పక్కన కూర్చోండి!"

కార్యకర్త అలవాటు కొద్దీ మైకెత్తాడు. "ముప్ఫై ఒకటో మంచం. డిప్రెషన్. ఎనిమిది రోజులుగా మందు లే..." అని అంతలో తను చెబుతున్నదేమిటో తనకే అర్థమై, మైకు బల్ల మీద పడేసి లోపలికి పరుగెత్తాడు.

వరసలో లెక్కల మాస్టారు చెప్పులు చూసుకుంటున్నాడు. ఇస్త్రీ కొట్టు ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. కత్తెరమ్మ వాళ్ళ వైపు చూడలేదు, చూసే తీరిక లేదు.

ఒక నర్సు గేటు దాకా వచ్చింది. ఆమె ఏ నియమమూ చూసుకోకుండా చీటీ, పెట్టె చేత్తోనే అందుకుంది. డాక్టరు నంబరు రాసుకుంది. "మూడో అంతస్తు. నేను వెళ్ళేలోపు మీరు ఆయనకి ఫోన్ చేయండి. మాట్లాడుతూనే ఉండండి, పెట్టేయనివ్వకండి" అని వెనక్కి పరుగెత్తింది.

కత్తెరమ్మ నంబరు నొక్కబోతుంటే మరదలు మణికట్టు పట్టుకుంది.

"నాలుగేళ్ళా?" అంది. "నాలుగేళ్ళుగా ఆయనకి బంగాళాదుంప పెట్టలేదు వదినా నేను! ఆయనకి ప్రాణం అది. గ్యాస్ అని మాన్పించాను. పాప కంచంలోది తీసుకుని తింటే దొంగని పట్టుకున్నట్టు పట్టుకుని తిట్టాను. రాత్రులు నిద్రపోకుండా కూర్చుంటే కడుపుకి కాపడం పెట్టాను. ఒక్కరు, మీ ముగ్గురిలో ఒక్కరు చెప్పకూడదా?"

"చెప్పాల్సింది. తప్పు నాదే. తర్వాత కొట్టు, ఇప్పుడు చెయ్యి వదులు" అంది కత్తెరమ్మ.

ఫోన్ అయిదుసార్లు మోగింది. ఆరోసారి తీశాడు.

"ఒరే" అంది. మరదలికీ వినపడేలా స్పీకరు మీద పెట్టింది. "నిన్ను ఒకటి అడుగుతాను, గ్యాస్ అని గీస్ అని చెప్పకు. చచ్చిపోవాలనిపిస్తోందా నీకు?"

అటు హాల్లో ఎవరో దగ్గారు. ఎక్కడో గిన్నె చప్పుడయింది. ఆ మాట అడగ్గానే ఏదో బద్దలవుతుందని నాలుగేళ్ళుగా ఆవిడ భయం. ఏమీ బద్దలు కాలేదు. ఒక పెద్ద ఊపిరి వినిపించింది.

"అవునక్కా" అన్నాడు. "మూడు రోజుల నుంచి. ఇవాళ మరీ ఎక్కువగా ఉంది."

"సరే. చెప్పావు కదా, మంచిపని చేశావు. నీ మంచం మీద కూర్చో. నీ మందు పైకి వస్తోంది. నర్సమ్మ వస్తోంది. ఫోన్ పెట్టెయ్యకు. నీకు జరిగింది నా తప్పు, నీది కాదు. వింటున్నావా? ఏదో ఒకటి మాట్లాడరా."

"ఇక్కడికెవరో పరుగెత్తుకొస్తున్నారు" అన్నాడు నీరసంగా. తర్వాత నర్సు గొంతు, ఆయాసంతో: "నేనిక్కడే ఉన్నానమ్మా. ఆయన పక్కనే కూర్చున్నాను. ఇక్కడే ఉంటాను."

కత్తెరమ్మ గేటు ఊచ పట్టుకుని కింద కూర్చుంది. ఆ ఫోన్ మరదలు లాక్కుంది.

"ఏవండీ."

"నువ్వు... అక్కడే ఉన్నావా?"

"గేటు దగ్గరే ఉన్నాను. అంతా విన్నాను. మైకులో విన్నాను."

"అంతానా?"

"అంతా."

వరసలో ఉన్నవాళ్ళంతా విననట్టు నటిస్తూ వింటున్నారు. అప్పుడు తమ్ముడు, పుస్తకం అరువడిగేవాడిలా మెల్లిగా, భయంభయంగా అడిగాడు.

"అయితే నేను ఇంటికి రావచ్చా?"

మరదలు ఒక క్షణం కత్తెరమ్మ వైపు చూసింది. ఆ చూపు కత్తెరమ్మ బతికినన్నాళ్ళూ మరిచిపోలేదు. తర్వాత మరదలు ఫోన్‌ని రెండు చేతులా పట్టుకుని, నలుగురూ ఉన్నారని చూడకుండా, ఏడుస్తూ, కోపంగా అరిచింది.

"రావచ్చా అని అడుగుతారేంటండీ? రాక ఇంకెక్కడికి పోతారు!"